ధర్మధార గోడలో చప్పుడు

పొద్దుగూకాక ధర్మధార వైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. కుక్కలు కూడా వెళ్ళవని చెప్పుకునేవాళ్ళు. కుక్కల సంగతి కుక్కలకే తెలియాలి గానీ, మనుషులు మాత్రం నాలుగు సందులు చుట్టు తిరిగైనా వేరే దారిన ఇళ్ళకు చేరేవాళ్ళు.

ఊరి చుట్టూ పాత రాతిగోడ. దొంగల భయం ఉన్న రోజుల్లో ఇంటికో బండెడు రాయి తెచ్చి పోసి కట్టుకున్నారట. ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకునేంత మందం. ఆ తర్వాత ఎన్నేళ్ళకో, పేరు చెప్పుకోవడం ఇష్టంలేని ఒక పుణ్యాత్మురాలు తన సొమ్ముతో ఆ గోడలోనే నీటిధార పెట్టించింది. కొండమీది ఊటనీళ్ళు గోడ కడుపులోంచి వచ్చి, ఇత్తడి గొట్టంలోంచి రాతితొట్టిలో పడేవి. పైన రాయిమీద ఒకే ఒక్క మాట చెక్కించింది — ‘దాహమైనవాళ్ళది’.

ఇంటింటికీ కొళాయిలు వచ్చాక ధార సంగతి ఎవరికీ పట్టలేదు. ఊట దారిలో మట్టి పేరుకుంది. తొట్టి ఎండిపోయింది. నీళ్ళు పోతే పోయాయి... చప్పుడు మొదలైంది.

టక్... టక్... టక్.

మూడుసార్లు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ మూడుసార్లు. గోడ లోపల్నించి.

మొదట విన్నది రాత్రికాపలా కాసేవాడు. చేతికర్ర అక్కడే వదిలేసి వచ్చాడు, ఆ కర్ర కోసం పగలు కూడా వెళ్ళలేదు. తర్వాత ధార పక్కనే కొట్టు పెట్టుకున్న దర్జీ. చొక్కా సగం కుట్టేసరికి వినబడిందట. ఆ మిగతా సగం వాడు ఇంటి దగ్గర కుట్టాడు, ఆ రోజునుంచి దీపాలవేళకి ముందే కొట్టు కట్టేస్తాడు. ఇక పాలాయన సరేసరి — చప్పుడుతోపాటు ‘నీళ్ళు... నీళ్ళు...’ అని ఆడగొంతు కూడా విన్నానన్నాడు. పాలలో నీళ్ళు కలిపేవాడికి నీళ్ళమాట వినబడటంలో వింతేముందని దర్జీ అన్నాడు గానీ, ఆ నవ్వు కూడా పగలే నవ్వాడు.

“దానం చేసిన నీళ్ళని ఎండబెడితే ఆవిడ ఊరుకుంటుందా?” అని ఊరు తీర్మానించుకుంది.

ఊళ్ళో ఒక్కడికే ఆ చప్పుడు పుణ్యాత్మురాలిది కాదనిపించేది. అతను తాపీమేస్త్రి. అరవైదాటిన మనిషి. ఎవరైనా ఆ మాటెత్తితే తేలుకుట్టిన దొంగలా కూర్చునేవాడు. అతని ఇల్లు అదే గోడకు ఆనుకుని, ధారకి ఎగువన ఉంది. ధార ముందునుంచి పోతే ఇంటికి ఐదు నిమిషాలు. అతను మాత్రం ముప్పై ఏళ్ళుగా, పగలూ రాత్రీ అనకుండా, ఊరంతా చుట్టి ఇల్లు చేరేవాడు. భార్య ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో ధారకి నీళ్ళు తగ్గితే, దాని బాగోగులు చూసే ధర్మసంఘంవాళ్ళు గోడలోపలి పాత రాతికాలవలో ఇనపగొట్టం వేయించారు. గొట్టం పని మేస్త్రి బావమరిదిది — భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవైనాలుగేళ్ళవాడు, పని వచ్చినవాడు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ధార పక్క సందులో, గోడకి కిటికీ అంత కంత ఉండేది. అందులోంచి దూరి, బోర్లా పాక్కుంటూ ఎగువకి పోయి గొట్టాలు బిగించేవాడు. పని అయ్యాక కంతని రాళ్ళతో, సున్నంతో మూసే పని మేస్త్రిది.

గోడపని చేసేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఏ కంత మూసినా, ఏ గొయ్యి పూడ్చినా, మొదటి రాయి పెట్టేముందు తల లోపల పెట్టి మూడుసార్లు గట్టిగా పిలవాలి. లోపల ఎవరూ లేరని కళ్ళారా చూసినా సరే, పిలవాలి. మేస్త్రికి పని నేర్పినాయన తాపీ చేతికివ్వకముందు నేర్పింది అదే.

ఆ రోజు పొద్దున బావాబావమరుదులకి మాటామాటా పెరిగింది. పెద్ద విషయం కాదు. పదిమంది కూలీలముందు ఆ కుర్రాడు గోడమీద చెయ్యి పెట్టి, “మా బావ పెట్టిన రాయికి ఆనుకోకండర్రా, దానికే ఆసరా కావాలి,” అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. “ఇక నీతో నాకు మాటల్లేవు పో,” అన్నాడు. మధ్యాహ్నమంతా ఇద్దరూ మూతులు ముడుచుకునే పనిచేశారు.

సాయంత్రం కూలీలు వెళ్ళిపోయారు. కంత దగ్గర బావమరిది సామాను కనబడలేదు. ఇంటికి పోయుంటాడనుకున్నాడు మేస్త్రి. వంగి, కంతలో తల పెట్టాడు. నోరు తెరిచాడు...

మాటల్లేవని అన్నవాడు ముందుగా ఎలా పిలుస్తాడు? ఒకవేళ లోపలే ఉంటే — ‘ఏం బావా, అప్పుడే మాటలొచ్చాయా?’ అని వెక్కిరించడూ?

నోరు మూసుకున్నాడు. కంత కూడా మూశాడు.

ఆ రాత్రి బావమరిది ఇంటికి రాలేదు. మేస్త్రి ఒళ్ళలిసి మొద్దునిద్ర పోయాడు. తెల్లారాక భార్య వచ్చి మంచం పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్కమాటే అడిగింది.

“మూసేముందు పిలిచావా?”

“పిలిచాను.”

“మూడుసార్లూ?”

“మూడుసార్లూ పిలిచాను. ఎవరూ పలకలేదు,” అన్నాడు. పనిమంతుడికి పరువు ముందు, నిజం తర్వాత. అప్పటికి అదంత పెద్ద అబద్ధమని కూడా అనుకోలేదు. ఎక్కడికో అలిగి పోయుంటాడు, రెండు రోజుల్లో వస్తాడులే అనుకున్నాడు.

రెండు రోజులైంది. మూడు రోజులైంది. ఊరు ఊరంతా వెతికారు. కంత తెరిచి చూద్దామని ఎవరో అంటే, “మేస్త్రి పిలిచాడట కదా,” అని ఇంకొకరు కొట్టిపారేశారు. ఊళ్ళో అతని మాటకి అంత విలువ. పెద్ద ఊరికి పోతానని కలవరించేవాడు కదా, పోయుంటాడని తేల్చేశారు.

మూడోరాత్రి మేస్త్రి ఒక్కడే వెళ్ళి, మూసిన కంతకి చెవి ఆనించాడు. ఏమీ వినబడలేదు. ఉలి చేతిలోనే ఉంది. తెరిచి చూస్తే తేలిపోతుంది... తేలితే? ఒకవేళ లోపల ఉంటే?

ఉలి నడుముకి దోపుకుని వెనక్కి వచ్చేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు కూడా ఆ సందువైపు కన్నెత్తి చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ ధర్మసంఘంవాళ్ళకి ధార గుర్తొచ్చింది. పాతగోడ బాగుచేయాలి, ధారలో నీళ్ళు పారించాలి, అప్పుడుగానీ దెయ్యం శాంతించదని చందాలు పోగుచేశారు. పట్నంనుంచి ఇంజనీరు వస్తున్నాడు. ఆ సాయంత్రం సంఘం పెద్ద — మందులకొట్టు ఆయన — మేస్త్రిని పిలిపించాడు.

“రేపు పొద్దున్నే కంత తెరుస్తారట. నువ్వే కదా మూసింది? చోటు చూపించు,” అన్నాడు.

“చూపిస్తాను,” అన్నాడు మేస్త్రి.

ఆ రాత్రి అన్నం కలిపి వదిలేశాడు. భార్య కంచం తీసేసి, దీపం తగ్గించి, అటు తిరిగి పడుకుంది. ఆమె వీపు చూస్తూ కూర్చున్నాడు. రేపు తెల్లారేసరికి ఊరంతా అక్కడ ఉంటుంది. రాళ్ళు తీస్తారు. లోపల ఏముంటుందో... అది ఆమె చూస్తుంది. తమ్ముడు ఎక్కడో చల్లగా ఉన్నాడనుకుంటున్న మనిషి! చూసి, తనవైపు తిరుగుతుంది.

ఆమె చూడకముందే తను చూడాలి. ఏమన్నా ఉంటే తీసి ఎక్కడన్నా... ఆ పై మాట మనసులో కూడా అనుకోలేకపోయాడు.

ఊరు మాటుమణిగాక లేచాడు. ఉలి, సుత్తి, బ్యాటరీ లైటు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా ఎత్తిపట్టి తీశాడు. భార్య కదల్లేదు.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ దారిన నడిచాడు. ఐదు నిమిషాల దారి... కాళ్ళు ఈడుస్తుంటే అరగంట పట్టినట్టుంది. దర్జీ కొట్టు తలుపులు బిగించి ఉన్నాయి. రాతితొట్టి నిండా ఎండుటాకులు. ఇత్తడి గొట్టం లైటు వెలుగులో ఒక్కక్షణం మెరిసింది.

అప్పుడు —

టక్... టక్... టక్.

లైటు చేతిలోంచి జారి తొట్టిలో పడింది.

“నేనేరా,” అన్నాడు మేస్త్రి. గోడవైపు ఒక అడుగు వేశాడు. “నేనే... వచ్చాను.”

ఆకుల్లో చెయ్యి పెట్టి తడిమి లైటు తీసుకున్నాడు. పారిపోదామనే అనుకున్నాడు. కానీ పారిపోతే రేపు పొద్దున వస్తుంది. రాత్రి దెయ్యంకన్నా పగటి ఊరంటేనే అతనికి ఎక్కువ భయం.

సందులోకి దూరాడు. గోడనిండా తీగ అల్లుకుపోయి ఉంది. దాన్ని పీకి పారేశాడు. కంత చోటు వెతుక్కోనక్కర్లేదు, చెయ్యే వెళ్ళి దానిమీద ఆగింది. ఉలి ఆనించి, సుత్తి ఎత్తి... ఆగిపోయాడు.

లైటు దగ్గరగా పెట్టి చూశాడు.

రాళ్ళు తనవే. వాటిమధ్య సున్నం మాత్రం తను పెట్టింది కాదు.

మేస్త్రి సున్నం తాపీమొనతో లాగితే గీత గీసినట్టు ఉంటుంది. ఎంత తొందరలో ఉన్నా అతని చెయ్యి అలాగే పోతుంది. ఇక్కడ గీతల్లేవు. అతుకులు అతుకులుగా, ఎవరో బొటనవేలితో నొక్కి నొక్కి కూరినట్టు ఉంది. గుంట పక్కన గుంట. ముప్పై ఏళ్ళ కింద తడిసున్నంలో పడ్డ వేలిగుర్తులు, తీగచాటున చెక్కుచెదరకుండా ఉన్నాయి.

చిన్న బొటనవేలు. మగవాడిది కాదు.

పుణ్యాత్మురాలు... అనుకున్నాడు ఒక్కక్షణం. మరుక్షణం సుత్తి దెబ్బ వేశాడు. ఇంక ఆగలేదు. ఒక్కోరాయీ ఊడి కాళ్ళదగ్గర పడుతుంటే, మూతపడినప్పటినుంచీ లోపలున్న చల్లగాలి ముఖానికి కొట్టింది. మనిషి పట్టేంత సందు అయింది. లైటుతో సహా తల లోపలికి పెట్టాడు.

ఖాళీ.

ఎముక ముక్కలేదు. గుడ్డపేలికలేదు. ఎగువకి వంపు తిరిగేదాకా రాతికాలవ, దాని మధ్యలో తుప్పుపట్టిన ఇనపగొట్టం. అంతే. లోపలివైపు ఒక రాయిమీద మాత్రం గీతలు — ఇనప పానాతో కొడితే పడే గీతలు. వరసగా, ఎన్నో.

వాడు లోపలే ఉన్నాడు. లోపల్నించి కొట్టాడు... తర్వాత లేడు.

మేస్త్రి గోడకి నుదురు ఆనించి, ఊపిరి తీసుకోవడానికి గొట్టంమీద చెయ్యి వేశాడు.

టక్.

అరచేతికింద గొట్టం అదిరింది.

టక్... టక్.

అరవలేదు. అరవడానికి భయం మిగల్లేదు. పనివాడి చెయ్యి అది, గోడలో నెర్రె ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగల చెయ్యి. చప్పుడు గోడలోంచి రావడంలేదు. గొట్టంలోంచి వస్తోంది. ఎగువనుంచి. ఈ గొట్టం వంపు తిరిగి, గోడ వెంబడే పైకి పోయి, ఒక్కచోట బయటికి తేలుతుంది... ఆ చోటు ఎవరి పెరడో అతనికి తెలుసు.

లేచాడు. లైటు అక్కడే వదిలేశాడు. చీకట్లో తడబడుతూ, ముప్పై ఏళ్ళుగా తప్పించుకున్న దారిలోనే పైకి నడిచాడు.

ఇంటి తలుపు తను తీసినట్టే ఓరగా ఉంది. మంచంమీద భార్య లేదు. పెరటితలుపు తీసి ఉంది.

ఆమె గోడ పక్కన, అంట్లు తోముకునే గట్టుమీద కూర్చుని ఉంది. చేతిలో గుండ్రాయి. ఆమె పాదాలదగ్గర ఇనపగొట్టం మూరెడు మేర బయటికి తేలి ఉంది. ఆ మూరెడూ తుప్పులేకుండా నున్నగా మెరుస్తోంది.

అతన్ని చూసి ఆమె ఉలిక్కిపడలేదు. రాయి ఒళ్ళో పెట్టుకుంది.

“తెరిచావా?”

“తెరిచాను.”

“ఇన్నాళ్ళకి,” అంది.

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె కుడిచేతి బొటనవేలు రాయిమీద ఆని ఉంది. ఆ వేలిని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

“నువ్వేనా... తీసింది?”

“వాడు అన్నానికి రాలేదు. నువ్వు గుర్రుపెడుతున్నావు. వెతుక్కుంటూ పోయాను. గోడలో చప్పుడు. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, చేతుల్తోనే పీకాను. వంపు అవతల సామానుతో ఉండగా కంత మూతపడిందట, బయటికొచ్చేసరికి వాడు మనిషిలా లేడు. వెంటనే మంచినీళ్ళు కూడా అడగలేదయ్యా. ‘బావ పిలవలేదక్కా... పొద్దుటి కోపంతో కావాలనే మూశాడా?’ అని అడిగాడు.”

మేస్త్రి తలవంచుకున్నాడు.

“కాదురా, మరిచిపోయుంటాడు అన్నాను. రేపు పొద్దున్నే అడుగుతాను, తప్పయిందని చెప్తాడు, అప్పుడు వద్దువుగాని అన్నాను. వాణ్ణి ఊరు దాటించి పంపించి, మళ్ళీ రాళ్ళు పేర్చాను. నీ పరువు పోకూడదని. తెల్లారాక అడిగాను.” ఆమె గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. “నువ్వేమన్నావో నీకు గుర్తుందా?”

గుర్తుంది.

“అప్పుడు నాకూ అనుమానమొచ్చింది. తప్పు చేసినవాడైతే చెప్తాడు. కావాలని చేసినవాడేగా అబద్ధమాడేది? అయినా చూశాను. మూడోరాత్రి లేచి వెళ్ళావు. వెనకే వచ్చాను. తెరుస్తాడు, ఖాళీగా ఉండటం చూసి ఏడుస్తాడు, అప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. నువ్వు చెవి పెట్టి విని... వచ్చేశావు. లోపల వాడున్నాడనుకునే కదా? ఉండనీ అని కదా?”

ఎక్కడో కుక్క మొరిగి ఆగిపోయింది. మేస్త్రి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆమె ముందుకి వంగింది.

“ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. ఆ రోజు పిలిచావా?”

వాడు బతికే బయటపడ్డాడు. ప్రాణం తీసిన పాపం తనకి లేదు. రేపు కంత తెరిచినా ఊరికి దొరికేది ఒట్టి గాలి. ‘పిలిచాను, వాడికే వినబడలేదేమో’ అంటే కాదనడానికి సాక్షి లేడు. పరువు చెక్కుచెదరదు. ఆ మాట నాలుకమీదికి వచ్చింది కూడా. ముప్పై ఏళ్ళు అలవాటైన మాట కదా, దానంతటదే వస్తుంది.

ఆమె ముఖం చూశాడు.

“పిలవలేదు,” అన్నాడు.

ఆమె ఇంకా చెప్పమన్నట్టు చూసింది.

“తల లోపల పెట్టాను. పిలవబోయాను. ముందు నేనెందుకు మాట్లాడాలి అనిపించింది. వాడు లోపలున్నాడని తెలియదు, నీమీద ఒట్టు. మూడోరోజు మాత్రం... ఉన్నాడేమోననే భయపడ్డాను. భయపడి తెరవలేదు. అది మాత్రం తెలిసే చేశాను.” చేతులు జోడించాడు. “వాడెక్కడున్నాడు? చెప్పు. ఈ రాత్రికే పోతాను. ఊరందరిముందూ కాళ్ళు పట్టుకుంటాను.”

ఆమె గుండ్రాయి తీసి గట్టుమీద పెట్టింది.

“పోయాడు,” అంది. “నాలుగేళ్ళయింది. గుండెజబ్బు. నీ చేతిలో పడకుండా దర్జీ ఇంటి చిరునామాకి ఉత్తరాలు రాసేవాడు. ఎవరికీ చెప్పొద్దని దర్జీచేత ఒట్టు వేయించుకున్నాను. ప్రతిదాంట్లోనూ చివర ఒకటే — ‘బావ చెప్పాడా?’ అని. లేదురా, ఇంకా లేదురా అని రాసేదాన్ని. ఆఖరిసారి మంచంలోంచి రాశాడు. అక్షరాలు కూడా నిలబడలేదు.”

“ఏమని రాశావు?”

“చెప్పాడని రాశాను.”

మేస్త్రి తలెత్తాడు.

“‘మీ బావ అంతా చెప్పుకుని ఏడ్చాడు, పిలవకపోవడం నా తప్పేనన్నాడు, నిన్ను రమ్మంటున్నాడు’ అని రాశాను. దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడట. నవ్వాడట. ఆ మర్నాడే పోయాడు. అది అబద్ధమయ్యా. పోయేవాడికి అబద్ధం రాశాను.” మొదటిసారి ఆమె గొంతు వణికింది. “నీ నోటితో చెప్పిస్తేగానీ నాకు మనశ్శాంతిలేదు. అప్పట్నించీ నువ్వు పని ముగించుకుని చీకట్లో ఇంటికొచ్చే వేళ చూసి ఈ గొట్టంమీద కొట్టేదాన్ని. నువ్వేమో ఆ దారినే రావు. వినాల్సినవాడు తప్ప ఊరంతా విన్నారు.”

లేచి నిలబడి, చీర కుచ్చెళ్ళకి అంటిన తుప్పు దులుపుకుంది. గుమ్మంలో కూర్చున్న మొగుణ్ణి దాటి లోపలికి పోతూ అతని భుజంమీద చెయ్యి వేసి, ఆసరా తీసుకుని, ఒక్కక్షణం అలాగే ఉంచింది.

“నా ఉత్తరం ఇవాళ్టికి నిజమైంది,” అంది.